కుక్కకాటుకు జ్ఞానతల్లి

"...అంటే ఏంటి, మెళ్ళో రిబ్బను కట్టుకున్న కుక్క కరిస్తే పళ్ళు దిగవా?"

"దిగాయి. దిగలేదన్నానా? దిగినా ఏం కాదంటున్నాను. ఎర్ర రిబ్బను తోమాసా, ఎర్రది! టీకా వేసిన కుక్కలకి కట్టిన రిబ్బను!"

"అరవకు. బజారంతా వింటోంది."

"విననీ. బాసు బాకా ఊదేవాణ్ణి పట్టుకుని గుసగుసలాడమంటే నాకెక్కణ్ణించి వస్తుంది?"

కసీల్దా తల ఎత్తకుండా లేసు కొలుస్తూనే ఉంది. మొల్యె గుట్ట మెట్లదారి బజారులో కలిసే చోట ఆమె కొట్టు. కొట్టంటే నాలుగు కర్రలు, ఒక నీలం టార్పాలిన్, దాని కింద చుట్టలు చుట్టలుగా రిబ్బన్లు, లేసులు, కుచ్చుల పావడాలకు వేసే అంచులు, డబ్బాల్లో గుండీలు. గుట్ట మీద పుట్టిన తగాదాలన్నీ ఆ మెట్లు దిగే వస్తాయి. వచ్చినవాటిల్లో చాలా మటుకు ఆమె కొట్టు ముందే ఆగుతాయి. ఇదీ ఆగుతుందని గొంతులు గుర్తుపట్టినప్పుడే ఆమెకు తెలిసింది.

ఆగింది. ముందు తోమాసా, వెనక కుంటుతూ ఆమె మొగుడు ఎలియోదోరో. అతను మేళంలో బాసు బాకా ఊదుతాడు. మనిషి కూడా ఇంచుమించు బాకా ఆకారంలోనే ఉంటాడు. నిన్న శాన్ రోకె పండగ. కుక్కల పుట్టినరోజు. గుట్ట మీద ఏ కుక్కకూ నిన్న మిగులు తిండి పెట్టలేదు, వండి పెట్టారు. పొద్దుపోయేదాకా మేళం వాయించింది.

"కొమాద్రె, నువ్వు చెప్పు తీర్పు," అంది తోమాసా.

వాళ్ళ పెద్దమ్మాయి బాప్తిస్మానికి జ్ఞానతల్లిగా నిలబడింది కసీల్దాయే. ఆ రోజు నుంచి ఆడవాళ్ళిద్దరూ ఒకరికొకరు కొమాద్రె, ఎలియోదోరో ఆమెకు కొంపాద్రె. పేర్లు పెట్టి పిలుచుకోవడం ఎప్పుడో మానేశారు.

"ఏ కుక్క?" అంది కసీల్దా.

"గోధుమ రంగుది. ఒక చెవి వాలిపోయి ఉంటుందే, నీళ్ళ ట్యాంకరు వెంట పరిగెత్తుతుందే, అది."

"ఊరికే కరిచిందా?"

ఎలియోదోరో ఆకాశంలోకి చూశాడు. జవాబు తోమాసాయే చెప్పింది. "పుట్టినరోజు కదా అని దాని చెవిలో బాకా ఊదాడు."

"దీవించాను!"

"నేనైనా కరిచేదాన్ని. ఇన్నేళ్ళుగా ఓపిక పడుతున్నాను గాని."

పక్క కొట్లో మొక్కజొన్న కల్లు చీచా అమ్మే ముసలావిడ కుండ మీద మూత పెట్టి మరీ నవ్వింది. ఎలియోదోరో పంతంగా పంట్లాం పైకి లాగి పిక్క చూపించాడు. పళ్ళ గాట్లు లోతుగానే దిగాయి. వాటి మీద నల్లగా ఏదో మెత్తి ఉంది.

"అదేంటి?"

"కుక్క వెంట్రుకలు. కాల్చి, నూరి, అద్దాను. మా అమ్మ అలాగే చేసేది."

"ఆ కుక్కవేనా?"

"అది పారిపోయిందిగా. పక్కింటి కుక్కవి కత్తిరించాను." కాస్త ఆగి, "కుక్క కుక్కే కదా," అన్నాడు.

కసీల్దా లేసు పక్కన పెట్టింది. ఆమె మనసు పిక్క మీద లేదు, రిబ్బను మీదే ఉంది.

ఆమె ఈ గుట్టకు వచ్చింది చిన్నప్పుడు. పైన కొండల్లో, చలి ప్రాంతంలో తగరపు గని మూతపడితే, వాళ్ళమ్మ ఒక కుట్టు మిషనునూ ఒక కూతుర్నీ లారీలో వేసుకుని కొచబాంబా నగరానికి దిగింది. గుట్ట మీద అప్పుడు మొల్యె చెట్లు, గాలి, దుమ్ము తప్ప ఇంకేమీ లేవు. అమ్మ కుచ్చుల పావడాలు కుట్టేది, కూతురు అంచులు కత్తిరించేది. కసీల్దాకు పెళ్ళి రెండుసార్లు కుదిరింది. రెండుసార్లూ ఆమే వద్దంది. ఎందుకని అడిగితే ఒకడు గురకపెడతాడనీ, రెండోవాడు అసలు నవ్వడనీ చెప్పేది. అలాగని ఆమెకు బిడ్డలు లేరనడానికి లేదు. బాప్తిస్మానికి జ్ఞానతల్లి, పిల్లాడి మొదటి జుట్టు కత్తిరింపుకు జ్ఞానతల్లి, ఇంటికి కప్పు వేస్తే జ్ఞానతల్లి, కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకు జ్ఞానతల్లి. గుట్ట మీద ఏ పని మొదలైనా పక్కన నిలబడి మంచి చెడ్డలు చూసే మనిషి ఒకరు ఉండాలి. అడిగితే కాదనకూడదు. ఒప్పుకున్న జ్ఞానతల్లి మాటకు ఎదురు చెప్పడమూ అక్కడ లేదు. కసీల్దా ఎవర్నీ కాదనలేదు.

జులైలో ఒక ఆదివారం ఆరోగ్య కేంద్రం వాళ్ళు కుక్కలకు టీకాలు వేయడానికి పైకి వచ్చారు. ఏటా వచ్చేవాళ్ళే. మైకులో అరిచే మనిషి ముందు, మంచుపెట్టె మోసే మనిషి వెనక, నడుమ నర్సు యోవానా. కుక్కల్ని పట్టుకోవడం గుట్ట ఆడవాళ్ళ వంతు. ఆ పనిలో కసీల్దా చెయ్యి తిరిగిన మనిషి. కుక్క తలను తన పావడా కుచ్చుల్లోకి లాక్కుని, దానికి ఏమీ కనపడకుండా చేసి, చెవి దగ్గర ఏదో ఊసు మొదలుపెడుతుంది. ఊసు అయ్యేలోపు సూదీ అయిపోతుంది. కరవబోయిన కుక్కలు కూడా ఆ ఊసు చివర ఏమైందో తెలుసుకోవాలన్నట్టు ఆగేవి.

ఈసారి మిట్టమధ్యాహ్నానికే, టీకా పడిన కుక్కలకు తగిలించే ప్లాస్టిక్ పట్టీలు అయిపోయాయి. ఏదో ఒక గుర్తు లేకపోతే వేసినవాటికే మళ్ళీ వేస్తామని యోవానా తల పట్టుకుంది. కసీల్దా కొట్టుకు కబురు పెట్టి ఎర్ర శాటిన్ రిబ్బను చుట్ట తెప్పించింది. ఊరికే ఇచ్చింది, తన చేత్తోనే కట్టింది. ఆ సాయంత్రం నుంచి గుట్ట మీద కుక్కలు పెళ్ళివారిలా తిరిగాయి.

చిక్కు అక్కడే వచ్చింది. శాన్ రోకె పండగకు కుక్కల మెళ్ళో రిబ్బను కట్టడం ఎప్పుడూ ఉన్నదే. నీలమో, పచ్చో, ఏది చేతికొస్తే అది కట్టేవాళ్ళు. ఈ ఏడు అందరికీ ఎర్రదే కావలసి వచ్చింది. "టీకా కుక్కలకి కట్టావే, ఆ మెరిసేది ఇయ్యి," అని వరసకట్టి వచ్చారు. కసీల్దా చుట్టలో మిగిలినదంతా చివరి జానెడు దాకా అమ్మేసింది. జులైలో కట్టినవాళ్ళు కూడా మాసిందని విప్పి, ఉతికి, పండగకు మళ్ళీ కట్టారు. నిన్న మధ్యాహ్నం గుట్ట మీద ఎర్ర రిబ్బను లేని కుక్క కనబడలేదు. చూసి ఆమె ఎంతో సంబరపడింది కూడా.

గోధుమ రంగు కుక్కను ఆ ఆదివారం పావడాలో పట్టుకున్నట్టు ఆమెకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం వేరు, పట్టుకోకపోవడం వేరు. కానీ ట్యాంకరు వెంట పరిగెత్తేదాన్ని ఎవరు మాత్రం పట్టుకుంటారు?

"ఏం, మాట్లాడవేం కొమాద్రె? అది నీ రిబ్బనేగా?" అన్నాడు ఎలియోదోరో.

"నాదే. సగం టీకాకి కట్టాను, సగం పండక్కి అమ్మాను. రెండూ ఒకే చుట్టలోవి. దాన్ని చూసి ఏదీ చెప్పలేం."

మెట్ల మీద నిలబడి వింటున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్కడున్న ముగ్గురు నలుగురికి అప్పుడే తమ తమ కుక్కలు గుర్తొచ్చినట్టున్నాయి. ఎలియోదోరో మొహం ఎర్రబడింది. తర్వాత ఆ మొహంలోకి నవ్వు వచ్చింది, అది మంచి నవ్వు కాదు.

"బాగుంది! అన్నిటికీ జ్ఞానతల్లివేగా నువ్వు. ఈ కాటుకి కూడా నువ్వే జ్ఞానతల్లివి. ఇదిగో, అమ్మా, ఒక గిన్నె పొయ్యి!"

చీచా ముసలావిడ సొరకాయ బుర్రలో పోసి ఇచ్చింది. ఎలియోదోరో భూమితల్లికని నాలుగు చుక్కలు నేల మీద వంచి, బుర్ర పైకెత్తి, మేళంలో వాయించేటప్పటి గొంతుతో అన్నాడు. "అందరి ముందూ తాగుతున్నాను. కసీల్దా సేహాస్ నా కుక్కకాటుకి జ్ఞానతల్లి!"

అందరూ నవ్వారు. కసీల్దా నవ్వలేదు.

"నేలకి పోశావుగా?"

"పోశాను."

"తాగావుగా?"

"తాగుతున్నా."

"అందరూ విన్నారుగా?" అని మెట్ల వైపు తిరిగింది. విన్నామన్నట్టు తలలు ఊగాయి. ఆమె టార్పాలిన్ తాడు విప్పి కొట్టు మీదికి దించేసింది. "అయితే లే. నీ జ్ఞానతల్లి చెబుతోంది. ముందు ఆ బూడిద కడగాలి."

ఎలియోదోరో బుర్ర కిందికి దించాడు. తను తవ్విన గోతిలో తనే పడ్డట్టు అప్పటికి తెలిసింది. పెళ్ళాం వైపు చూశాడు. తోమాసా అప్పటికే అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

పిక్క కడగడం గుట్టకు మరో పండగ అయింది. సబ్బు పెట్టి, నీళ్ళు ధారగా పోస్తూ పావుగంట కడగమని యోవానా ఫోనులో చెప్పింది. పావుగంట అన్నమాట వినగానే ఆడవాళ్ళు గుండెల మీద చేతులేసుకున్నారు. గుట్ట మీద కుళాయిలు లేవు. ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకోవాలి, అది మళ్ళీ వచ్చేదాకా ఆ నీళ్ళతోనే వండుకోవాలి, ఉతుక్కోవాలి, మొహం కడుక్కోవాలి. కసీల్దా తన డ్రమ్ము మూత తీసి, బకెట్టు ముంచి, అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టింది.

"పావుగంట ఎలా తెలుస్తుంది?" అంది తోమాసా. "నీ గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళయింది?"

"ఒక్కో క్వెకా పాట మూడు నిమిషాలు," అన్నాడు ఎలియోదోరో, సంగీతం మాట వచ్చేసరికి నొప్పి మరిచిపోయి. "అయిదు పాటలు."

"పాడు మరి."

అతను పాడాడు. అతనికి వచ్చింది బాసు భాగమే. 'బుమ్, బుమ్-బుమ్, బుమ్' అని మొదటి పాట అయింది. రెండోదీ అంతే. ఏ పాట ఎక్కడ అయిందో, ఏది ఎక్కడ మొదలైందో అతనికి తప్ప ఎవరికీ తెలియలేదు. "ఇది మూడోదేనా, నీళ్ళు దొరికాయని రెండోదే మళ్ళీ పాడుతున్నావా?" అని ఎవరో అరిచారు. నల్లటి నీళ్ళు మెట్ల మీదుగా పారుతుంటే ఒకావిడ చూడలేక శాలువా అంచు అడ్డం పెట్టుకుంది. కసీల్దా పోయడం ఆపలేదు. డ్రమ్ము సగానికి దిగింది.

ఆరోగ్య కేంద్రంలో అతను ముందు చొక్కా బొత్తాలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు దొన్ ఎలియోదోరో?" అంది యోవానా.

"పొట్ట మీదేగా? మా మామయ్యకి పొట్ట మీద పొడిచారు. రోజూ ఒకటి. జల్లెడలా అయ్యాడు."

"అది మీ మామయ్యగారి కాలం. ఇప్పుడు భుజం మీద. మొత్తం నాలుగే, అవీ రోజులు వదిలి వదిలి. ఇవాళ మాత్రం గాయం చుట్టూ కూడా ఒక మందు ఎక్కించాలి."

భుజం మీద సూదికి అతను కళ్ళు మూసుకుని, అయిపోయాక కూడా తెరవలేదు. గాయం చుట్టూ ఎక్కించినప్పుడు మాత్రం అరిచాడు. బాసులోనే అరిచాడు. వీధి చివర బస్సు కోసం నిలబడ్డవాళ్ళు మేళం వస్తోందనుకుని తిరిగి చూశారట.

"తాగకూడదంటారుగా?" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ, దీనంగా. ఆగస్టు నెల మేళం వాళ్ళకు ఊపిరాడని నెల, ఏ ఊళ్ళో వాయించినా ముందు గిన్నె చేతికిస్తారు. "నేను ఊళ్ళు తిరిగేవాణ్ణి. వద్దంటే మర్యాద కాదు."

"తాగకపోతే మంచిదే. కానీ తాగానని చెప్పి సూది మానేస్తే మాత్రం ఊరుకోను. తూలుతూ వచ్చినా సరే, రండి. అర్థమైందా?"

"ఆ కుక్క దొరికితే?"

"దొరికితే కట్టేసి పది రోజులు చూస్తాం. చంపకండి, తరమకండి. దొరికినా దొరక్కపోయినా మీ సూదులు మీవే."

బయటికి వచ్చాక కసీల్దా పావడా లోపలి జేబులోంచి పొట్లం తీసి, రంగు కాగితపు ముక్కలు అతని నెత్తి మీద గుప్పెడు పోసింది. జ్ఞానతల్లి చెయ్యవలసింది చెయ్యాలి కదా. అతను ఆ ముక్కలు దులుపుకోకుండానే గుట్ట ఎక్కాడు. దారి పొడుగునా "ఏం శుభకార్యం?" అని అడిగిన ప్రతివాడికీ పిక్క చూపించాడు.

గోధుమ రంగు కుక్క దొరకలేదు. ఆ వారం రోజులూ గుట్టంతా వెతికారు. ట్యాంకరు డ్రైవరును అడిగితే, ఉర్కుపిన్యా జాతరకు నడిచి వెళ్ళే జనం వెంట అదీ వెళ్ళినట్టుందనీ, జాతరలో ఎముకలకు కొదవ ఉండదనీ అన్నాడు. రెండో సూదికి ఎలియోదోరో పిలవకుండానే వచ్చాడు. మేళంలో సగంమంది వెంట వచ్చారు. నెత్తిన కాగితాలు పోయించుకుని, ఫొటో దిగి, పొట్ట సవరించుకుంటూ వెళ్ళాడు. కసీల్దా ఇక ఈ మనిషితో దిగుల్లేదనుకుంది.

మూడో సూది రోజు మధ్యాహ్నం తోమాసా ఒక్కతే మెట్లు దిగి వచ్చింది.

"వెళ్ళిపోయాడు కొమాద్రె. పుణాటాలో మేళముందట. నేను సంతకి వెళ్ళి వచ్చేసరికి బాకా లేదు, మనిషీ లేడు. పక్కింటావిడతో చెప్పి వెళ్ళాడు. వాపు లేదట, నొప్పి లేదట. రెండు సూదులు పడ్డాయి, ఆ మాత్రం మందు కుక్కకి చాలు, మనిషికి చాలదా అన్నాడట."

"ఎప్పుడొస్తాడు?"

"మేళం వాళ్ళని ఎప్పుడొస్తారని అడగడమేంటి? చీచా ఎప్పుడైపోతే అప్పుడు."

కసీల్దా టార్పాలిన్ దించింది. శాలువా భుజాన వేసుకుని, తెల్ల టోపీ సరిచేసుకుని, పుణాటా వెళ్ళే వ్యాను ఎక్కింది.

ఊరేగింపు చర్చి వీధిలో దొరికింది. ముందు దేవుడి పల్లకి, వెనక నాట్యం చేసే ఆడపిల్లలు, వాళ్ళ వెనక మేళం. అందరికన్నా వెనక, సూర్యుడిలా మెరుస్తున్న బాకా చుట్టుకుని, బుగ్గలు పూరించి ఎలియోదోరో. ఆమెను చూడగానే అతని కళ్ళు పెద్దవయ్యాయి గాని ఊదడం ఆగలేదు. కసీల్దా పక్కన నడుస్తూ చొక్కా లాగింది. అతను తల అడ్డంగా ఊపాడు. రెండోసారి లాగింది. అతను మరింత గట్టిగా ఊదాడు.

ఆమె శాలువా తీసి, ఉండ చుట్టి, బాకా నోట్లో కుక్కేసింది.

బాసు ఆగిపోయేసరికి మేళం నాలుగు అడుగులు కుంటింది. మేళం పెద్ద దొన్ నికానోర్ చెయ్యెత్తి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది? దోన్యా! దేవుడి ముందు ఇదేం పని?"

"వీడు నా జ్ఞానబిడ్డ. తీసుకెళుతున్నాను."

"ఇంత లావున్నవాడు నీ జ్ఞానబిడ్డేంటి?"

"వీడి కాటుకి జ్ఞానతల్లిని. నేలకి పోసి తాగాడు. కావాలంటే అడుగు."

నికానోర్ ఎలియోదోరో వైపు చూశాడు. ఎలియోదోరో నేల వైపు చూశాడు. నికానోర్ కాసేపు నలిగాడు. దేవుడికి వాయించే మేళం ఒకవైపు, జ్ఞానతల్లి ఒకవైపు. "బాసు లేకుండా నేనెలా నడిపించను దోన్యా?"

"డోలు వాణ్ణి గట్టిగా కొట్టమను."

తిరుగు వ్యానులో బాకా కూడా ఒక మనిషి చోటు తీసుకుంది. ఎలియోదోరో దాన్ని ఒళ్ళో పెట్టుకుని మొహం కనపడకుండా కూర్చున్నాడు. నలుగురిలో పరువు తీశావనీ, రేపు తననెవడు మేళానికి పిలుస్తాడనీ బాకా వెనక నుంచి గొణిగాడు. ఎదురు సీటులో ఉల్లికాడల మూట పెట్టుకున్న ఒకావిడ, ఏం జరిగిందని కసీల్దాను అడిగింది. కసీల్దా చెప్పింది. వ్యాను అంతా నవ్వింది. మూట ఆవిడ కూడా నవ్వింది. తర్వాత మూట మీది తడిగుడ్డ సర్దుతూ అంది.

"మా తమ్ముడికీ కుక్కే కరిచింది. చిన్న గీత. మేం వెళ్ళలేదు. బంగాళదుంపలు తవ్వే రోజులు."

ఆమె గుడ్డ అంచు మూట కిందికి దోపింది.

"గీత మానిపోయింది. వాడూ మరిచిపోయాడు, మేమూ మరిచిపోయాం. పంట ఇంటికొచ్చింది. ఒకరోజు దాహమన్నాడు. గ్లాసు ఇస్తే చేతిలో పట్టుకుని దాన్ని చూసి వణికాడు. వాడికి ఈత బాగా వచ్చు, నదిలో పడి పెరిగాడు. గ్లాసుడు నీళ్ళు చూసి వణికాడు." ఆమె కిటికీలోంచి చూసింది. "తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇక చెయ్యగలిగింది లేదన్నారు. ముందే రావలసింది అన్నారు."

ఎలియోదోరో బాకా వెనక నుంచి మొహం తీశాడు.

"ఎన్నాళ్ళకి?" అని అడిగాడు.

"మానిపోయిన ఎన్నో వారాలకి," అందామె.

దారి పొడుగునా అతను మళ్ళీ గొణగలేదు. ఒకసారి మాత్రం చెయ్యి కిందికి పోనిచ్చి, పంట్లాం మీదుగా పిక్క తడిమి చూసుకున్నాడు. కసీల్దా చూసి చూడనట్టు ఊరుకుంది. ఆమెకు అప్పుడు తన చేతుల్లోని ఎర్ర చుట్టే కనబడుతోంది. దాన్ని విప్పుతూ, కత్తిరిస్తూ, నవ్వుతూ అమ్మిన పండగ ముందు వారం కనబడుతోంది. ఈ మనిషికి ఏదైనా అయితే తను ఆ మెట్ల కింద కూర్చుని ఇంకెవరికైనా జానెడు రిబ్బను అమ్మగలదా అనిపించింది.

కేంద్రం మూసే వేళకు యోవానా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎలియోదోరో బాకాను గోడకు ఆనించి, అడక్కుండానే చొక్కా భుజం జార్చి, కళ్ళు తెరిచే ఉంచి సూది వేయించుకున్నాడు. బయటికి వచ్చాక నెత్తి వంచి నిలబడ్డాడు.

"ఏంటి?" అంది కసీల్దా.

"కాగితాలు. జ్ఞానతల్లివి కాదూ?"

ఆమె పావడా జేబు తడిమింది. హడావుడిలో పొట్లం మరిచింది. రిబ్బను ముక్కలే ఉంటే అవే అతని నెత్తిన పోసింది.

నాలుగో సూది ఆదివారం పడింది. దానికోసం ఎవరూ కేంద్రందాకా వెళ్ళనక్కర్లేకపోయింది. కాటు సంగతి తెలిసి ఆరోగ్య కేంద్రం వాళ్ళే గుట్ట మీద కుక్కలన్నిటికీ మళ్ళీ టీకాలు వెయ్యాలని వచ్చారు. రిబ్బను ఉన్నా సరే, లేకపోయినా సరే, అన్నిటికీ. బల్ల కసీల్దా కొట్టు పక్కనే వేశారు. ఈసారి ప్లాస్టిక్ పట్టీలు సరిపడా తెచ్చారు. జనం సణిగారు. "మా దానికి జులైలో వేశారమ్మా, ఇదిగో రిబ్బను," అని ఒకరు, "మాది పండగ రిబ్బనే గాని మా ఆయన వేయించానంటాడు," అని ఒకరు. యోవానా అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "రెండోసారి పడితే కుక్కకేం కాదు. అసలు పడకపోతేనే మనకి అవుతుంది."

కసీల్దా పొద్దుట్నుంచీ పావడాలో కుక్కల తలలు దాస్తూనే ఉంది. ఊసులు అయిపోయి, చెప్పినవే తిప్పి తిప్పి చెబుతోంది. ఎలియోదోరోకు సూది పడింది. తోమాసా అతని నెత్తిన కాగితాలు పోసింది. నికానోర్ మేళంతో వచ్చి క్వెకా ఎత్తుకున్నాడు. చీచా ముసలావిడ కుండ మూత తీసింది.

అప్పుడే నీళ్ళ ట్యాంకరు మలుపు తిరిగింది. దాని వెనక, నాలుక బయటపెట్టి, ఒక చెవి వాలేసుకుని, గోధుమ రంగు కుక్క పరిగెత్తుకొస్తోంది. మెళ్ళో రిబ్బను మట్టి కొట్టుకుని ఎరుపో నలుపో తెలియకుండా ఉంది. మనిషెవరూ పెట్టనంత తిండి తిని కాస్త ఒళ్ళు చేసింది కూడా.

మేళం ఆగిపోయింది.

"అదే! అదే!" అని అరిచాడు ఎలియోదోరో. "బతికే ఉంది! చూడండి, గుండ్రాయిలా ఉంది! దానికేం లేదు! అయితే నా సూదులన్నీ దండగేనా?"

"దండగైనందుకు ఏడుస్తున్నావా?" అంది తోమాసా. "పిలువు, ఇంకోసారి కరవమందాం. లెక్క సరిపోతుంది."

"ఇన్నాళ్ళు బాగుంది కాబట్టి ఆ రోజు దానికి జబ్బు లేదు," అంది యోవానా. "ఇవాళ తెలిసింది దొన్ ఎలియోదోరో. ఆ రోజు మీకు తెలుసా?"

ఎలియోదోరో నోరు తెరిచాడు. వ్యానులో ఉల్లికాడల ఆవిడ గుర్తొచ్చిందో ఏమో, మూసేశాడు. తర్వాత చీచా ముసలావిడ దగ్గర్నుంచి ఉడికిన ఎముకొకటి అడిగి తీసుకుని, కుంటకుండా నడిచి వెళ్ళి, కుక్కకు దూరంగా కూర్చుని, ఎముక నేల మీద పెట్టాడు. బాకా మాత్రం వెనకే వదిలి వెళ్ళాడు. కుక్క అతన్ని ఎగాదిగా చూసింది. బాకా లేదని ఖాయం చేసుకున్నాక వచ్చింది.

అది ఎముక మీద ఉండగానే కసీల్దా పక్కనుంచి వచ్చి తలను పావడా కుచ్చుల్లోకి లాక్కుంది. మొదట కాళ్ళు తన్నుకుంది. ఆమె చెవి దగ్గరికి వంగి, పుణాటా ఊరేగింపులో బాకా ఎలా మూగబోయిందో చెప్పడం మొదలుపెట్టింది. కుక్క ఆగింది. ఆమె వేళ్ళు మెళ్ళోని రిబ్బను ముడిని వెతికి, గోటితో వదులు చేసి, లాగి తీసేశాయి. యోవానా సూది వేసింది. ప్లాస్టిక్ పట్టీ తగిలించింది. ఊసు పూర్తి కాకుండానే కసీల్దా పావడా సడలించింది. కుక్క తల బయటపెట్టి, మిగతాది వినకుండా ఎముక దగ్గరికి పోయింది.

కసీల్దా మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. మాసిన రిబ్బను ఇంకా చేతిలోనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె వైపు చూశారు, ఏదో అనబోతోందని.

"వచ్చే శాన్ రోకెకి నా కొట్లో ఎర్ర రిబ్బను అమ్మను," అంది. "ఎర్రది కావాలన్నవాళ్ళు కుక్కని తీసుకుని యోవానా బల్ల దగ్గరికి రండి. సూది పడ్డాక నేనే కడతాను."